ఇతరుల వెబ్‌సైట్లను మార్చే యాడ్-ఆన్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

బ్రౌజర్ యాడ్-ఆన్‌ల (బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాముల, వీటినే ఎక్స్‌టెన్షన్‌లు అనీ అంటారు) గురించి ఎక్కడ నాలుగు మాటలు మాట్లాడినా చివరికి ఇవే అనుమానాలు వస్తున్నాయి. "అది తప్పు కదా?", "సైటు వాళ్లు ఊరుకుంటారా?", "మరి యాడ్ బ్లాకర్ సంగతేంటి?" అని. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికే వెళ్లిపోండి.

నేను వకీలును కాను. చట్టం మాట వచ్చినచోట అందరికీ తెలిసిన తీర్పుల వరకే చెప్పాను. నా మొగ్గు ఎటో కూడా ముందే చెప్పేస్తాను. చదివేవాడి తెర చదివేవాడిదే అనుకునే మనిషిని. అయితే మార్పు అతనికి తెలిసి జరగాలి, అతని తెర దాటి ఇంకొకరి జేబులోకో నోట్లోకో పోకూడదు.

## మొదటి అనుమానాలు

వేరేవాళ్ల సైటును నేను మార్చడమంటే హ్యాకింగ్ కాదా?

కాదు. సైటు సర్వర్లో ఉన్నది ఉన్నట్టే ఉంటుంది. మీరు పేజీ తెరిచినప్పుడు దాని నకలు ఒకటి మీ కంప్యూటర్‌కు వస్తుంది, బ్రౌజర్ దాన్ని తెరమీద పేరుస్తుంది. యాడ్-ఆన్ చెయ్యి పెట్టేది ఆ పేర్పులోనే. అదే సమయంలో పక్కింటాయన అదే పేజీ తెరిస్తే ఆయనకు మామూలుగానే కనిపిస్తుంది. అసలు యాడ్-ఆన్ లేకపోయినా బ్రౌజర్లు పేజీలను మారుస్తూనే ఉంటాయి. అక్షరాలు పెద్దవి చేసుకోవడం, రీడర్ మోడ్, పేజీని తెలుగులోకి అనువదించుకోవడం, చూపు లేనివారికి చదివి వినిపించే స్క్రీన్ రీడర్, అన్నీ మార్పులే.

మన ఐటీ చట్టం 43వ సెక్షన్ యజమాని అనుమతి లేకుండా కంప్యూటర్లోకి చొరబడటం, డేటా తీసుకోవడం, పాడుచేయడం గురించి చెబుతుంది. ఇక్కడ మార్పు జరిగే కంప్యూటర్‌కు యజమాని మీరే. మీకు చెప్పకుండా మీ డేటా లాగేసే యాడ్-ఆన్ రాసినవాడే ఆ సెక్షన్‌ను చూసి ఎక్కువ భయపడాలి.

ఇది ఈమధ్య మొదలైన గొడవా?

పాతికేళ్ల పైమాటే. 1999లో థర్డ్ వాయిస్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఏ సైటు మీదైనా జనం తమ వ్యాఖ్యలు అంటించవచ్చు, అది పెట్టుకున్న మిగతావాళ్లకు అవి కనిపిస్తాయి. సైట్ల యజమానులు ఏకంగా ఉద్యమమే నడిపారు. 2001కల్లా ఆ కంపెనీ మూతపడింది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ తన విండోస్ ఎక్స్‌పీ పరీక్ష కాపీల్లో స్మార్ట్ ట్యాగ్స్ పెట్టింది. ఎవరి పేజీలోనైనా కొన్ని మాటల కింద గీత వచ్చి, కంపెనీ ఎంచిన చోటికి లింకు తయారయ్యేది. పత్రికలు దుమ్మెత్తిపోస్తే, విడుదలకు ముందే దాన్ని తీసేశారు. 2005లో గూగుల్ టూల్‌బార్ పుస్తకాల ఐఎస్‌బీఎన్ నంబర్లను లింకులుగా మార్చే ఆటోలింక్ తెచ్చినప్పుడూ అదే రభస.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఫైర్‌ఫాక్స్‌కు గ్రీజ్‌మంకీ అనే యాడ్-ఆన్ వచ్చింది. దానితో ఏ పేజీని ఎలాగైనా తిరగరాయొచ్చు, ఆటోలింక్ దాని ముందు చిన్నపిల్ల. అయినా దాని మీద అంత కోపం ఎవరికీ రాలేదు. ఏ స్క్రిప్టు (పేజీని మార్చే చిన్న కోడ్) పెట్టుకోవాలో, ఏ సైటులో నడపాలో మనిషి తానే ఎంచుకుంటాడు కాబట్టి. లింకు ఎటు పోవాలో నిర్ణయించే పెద్ద కంపెనీ మధ్యలో లేదు. ఇప్పటికీ ఏ యాడ్-ఆన్ గురించి ఎవరడిగినా నేను మొదట చూసేది అదే.

తెలుగు చదివేవాళ్లకు వీటితో ఏం పని?

చాలా పనే పడింది. ఇరవై ఏళ్ల కిందట తెలుగు పత్రికల సైట్లు చాలావరకు యూనికోడ్‌లో (ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే ఉమ్మడి అక్షర సంకేతాల్లో) ఉండేవి కావు. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు. ఆ ఫాంటు మీ దగ్గర లేకపోతే తెలుగు బదులు ఇంగ్లీషు అక్షరాలూ, తలా తోకా లేని గుర్తులూ వరసగా కనిపించేవి. ఫాంటు ఉన్నా బాధే. అది తెలుగు బొమ్మ తొడుక్కున్న ఇంగ్లీషు అక్షరమే కాబట్టి గూగుల్‌లో వెతికితే దొరికేది కాదు. ఒక పేరా కాపీ చేసి మెయిల్లో పంపితే అవతలివాళ్లకు చెత్త చేరేది. విదేశాల్లో ఆఫీసు కంప్యూటర్లో కొత్త ఫాంటు ఎక్కించుకునే వీలు లేనివాళ్లు ఊరి వార్త చదవడానికి నానా అవస్థ పడేవారు.

అప్పుడు పద్మ అనే ఫైర్‌ఫాక్స్ యాడ్-ఆన్ ఆదుకుంది. పేజీ రాగానే ఆ ఫాంటు సంకేతాలను యూనికోడ్ తెలుగులోకి మార్చి చూపించేది. పత్రిక తన సైటులో ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు, పని అంతా పాఠకుడి బ్రౌజర్లోనే జరిగేది. రాసినవాళ్ల మాట ఒక్కటీ మారలేదు, పత్రికకు పాఠకులు పెరిగితే పెరిగి ఉంటారు. ఇతరుల సైటును మార్చే యాడ్-ఆన్ అనగానే నాకు మొదట గుర్తొచ్చేది యాడ్ బ్లాకర్ కాదు, ఇది.

## ఇన్‌స్టాల్ చేసుకునే ముందు

"అన్ని వెబ్‌సైట్లలో మీ డేటాను చదవగలదు, మార్చగలదు" అంటోంది. భయపడాలా?

కొంచెం భయపడాలి. ఆ హెచ్చరిక ఉత్త లాంఛనం కాదు. అన్ని సైట్లలో ఫాంటు మార్చే యాడ్-ఆన్‌కూ, అన్ని సైట్లలో పాస్‌వర్డు దొంగిలించే యాడ్-ఆన్‌కూ అడగాల్సిన అనుమతి ఒకటే. మీరు బ్యాంకు పేజీ తెరిచారనుకోండి. బ్యాలెన్స్ అంకె రంగు మార్చాలంటే స్క్రిప్టు ముందు ఆ అంకె ఉన్న చోటికి వెళ్లాలి. అక్కడిదాకా వెళ్లగలిగినది ఆ అంకెను చదవనూ గలదు, వేరే సర్వర్‌కు పంపనూ గలదు. రంగు మారిందో లేదో మీకు కనిపిస్తుంది, అంకె ఎక్కడికైనా వెళ్లిందో లేదో కనిపించదు.

క్రోమ్‌లో యాడ్-ఆన్ బొమ్మ మీద రైట్ క్లిక్ చేస్తే అది ఏ సైట్లలో పనిచేయాలో తగ్గించుకోవచ్చు. నేను క్లిక్ చేసినప్పుడే, ఈ ఒక్క సైటులోనే, అన్నింటిలో అని మూడు రకాలు ఉంటాయి. చాలామంది ఆ మెనూ ఒక్కసారి కూడా తెరిచి ఉండరు. బ్యాంకు, ఆదాయపన్ను, ఆధార్ పనులకు ఏ యాడ్-ఆన్ లేని బ్రౌజర్ ప్రొఫైల్ వేరేగా ఉంచుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది.

లక్షలమంది వాడుతున్న యాడ్-ఆన్ అయితే నమ్మొచ్చా?

ఈ రోజు నమ్మొచ్చు, రేపటి సంగతి చెప్పలేం. యాడ్-ఆన్‌లు వాటంతటవే అప్‌డేట్ అవుతాయి. వాడకుండా వదిలేసిన ట్యాబ్‌లను నిద్రపుచ్చే ద గ్రేట్ సస్పెండర్‌కు మంచి పేరు ఉండేది. 2020లో దాన్ని రాసినాయన వేరే ఎవరికో అప్పగించాడు. 2021 ఫిబ్రవరిలో అందులో హానికరమైన కోడ్ ఉందని గూగుల్ దాన్ని తన స్టోర్ నుంచి తీసేసింది. వాడేవాళ్లు ఏమీ చేయలేదు, చేతులు మారాయంతే. ఎంతమంది వాడుతున్నారన్నదానికన్నా, ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది, డబ్బు ఎక్కడినుంచి వస్తోంది అన్నవి అడగండి. రెండో ప్రశ్నకు జవాబు ఎక్కడా కనిపించకపోతే దాన్ని పక్కన పెట్టేయండి.

## వాడుతున్నప్పుడు

యాడ్ బ్లాకర్ పెట్టుకుంటే సైటువాళ్ల పొట్ట కొట్టినట్టు కాదా?

దొంగతనం కాదు, నష్టం మాత్రం నిజమే. రెండూ కలిపి మాట్లాడబట్టే ఈ వాదన తెగదు.

పండగల రోజుల్లో పేపరు చుట్టూ నిండు పేజీ ప్రకటన చుట్టి వస్తుంది. దాన్ని తీసి పక్కన పడేసి లోపలి వార్త చదువుకుంటే మిమ్మల్ని ఎవరూ దొంగ అనరు. అదే పేపరు వేసే కుర్రాడు ఆ ప్రకటన చింపేసి, తన బావమరిది బట్టల కొట్టు ప్రకటన పెట్టి మీ గుమ్మంలో వేస్తే? మీకు పెద్ద తేడా తెలియకపోవచ్చు, కానీ అది తప్పే. ప్రకటన తీసేయడం ఒకటి, దాని చోట తనది పెట్టడం ఇంకొకటి. 2016లో బ్రేవ్ బ్రౌజర్ సైట్ల ప్రకటనల చోట తనవి పెట్టే ఆలోచన చెప్పినప్పుడు, అమెరికా పత్రికలు కలిసి లాయరు ఉత్తరం పంపింది అందుకే.

జర్మనీలో ఆక్సెల్ స్ప్రింగర్ అనే పెద్ద పత్రికల సంస్థ యాడ్‌బ్లాక్ ప్లస్ తయారుచేసే ఐయో కంపెనీ మీద ఏళ్ల తరబడి పోరాడుతోంది. 2018 ఏప్రిల్‌లో అక్కడి అత్యున్నత సివిల్ కోర్టు ప్రకటనలు ఆపడం అక్రమ పోటీ కిందికి రాదని తేల్చింది. ఆ కంపెనీలో నాకు నచ్చనిది వేరే ఉంది. "మర్యాదైన ప్రకటనలు" అని ఒక జాబితా పెట్టి, అందులో చేరే పెద్ద కంపెనీల దగ్గర డబ్బు తీసుకుంటుంది. ఇక అది మీ తరఫున కాపలా కాస్తోందా, గేటు దగ్గర వసూలు చేస్తోందా అన్న అనుమానం రాక మానదు.

నా పద్ధతి ఇది: మామూలుగా బ్లాకర్ ఉంటుంది. ఒక్కరో ఇద్దరో నడిపే తెలుగు సైటుకు రోజూ వెళ్తుంటే అక్కడ ఆపేస్తాను. ఆ ప్రకటనలు మరీ మీదపడితే ఆ సైటు మానేస్తాను.

చందా కట్టకుండా చదివించే యాడ్-ఆన్‌ల సంగతేంటి?

అది వేరు. వెల ఇంత అని చెప్పి తలుపు వేసి ఉంచారు. పేజీలో మొత్తం వ్యాసం పంపి దానిమీద తెర కప్పారు కదా, తెర తీస్తే తప్పేముంది అని కొందరు వాదిస్తారు. సాంకేతికంగా నిజమే కావచ్చు, కానీ వెల మీకు తెలుసు.

తత్కాల్ టికెట్‌కు ఆటోఫిల్ ఎక్స్‌టెన్షన్ వాడొచ్చా? సంక్రాంతికి వేరే దారి లేదు.

ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఏసీకి పొద్దున్న 10, స్లీపర్‌కు 11. సికింద్రాబాద్ నుంచి విశాఖ వైపు రైళ్లు నిమిషాల్లో వెయిటింగ్‌కు వెళ్లిపోతాయి, నిజమే.

ఇంట్లోవాళ్ల పేర్లూ వయసులూ ముందే పెట్టుకోవడంలో తప్పు లేదు. దానికి ఐఆర్‌సీటీసీలోనే మాస్టర్ లిస్ట్ ఉంది, బయటి యాడ్-ఆన్ అక్కర్లేదు. కాప్చా తానే నింపడం, మధ్యలో సైటు పెట్టే ఆలస్యాన్ని దాటేయడం, నాలుగు ఐడీలతో ఒకేసారి ప్రయత్నించడం మాత్రం మీ తెరమీద ఆగే మార్పు కాదు. ఉన్న బెర్తులు అవే. మీరు ముందుకు దూకితే అదే క్షణంలో శ్రీకాకుళంలో ఫోన్ పట్టుకుని కూర్చున్న ఇంకొకరు వెనక్కి పోతారు. ఐఆర్‌సీటీసీ ఇలాంటి ఆటోమేషన్‌ను ఒప్పుకోదు, దొరికితే ఐడీ మూసేస్తుంది.

దీన్ని వ్యాపారంగా చేస్తే నేరం. రైల్వే చట్టం, 1989లోని 143వ సెక్షన్ కింద అనుమతి లేకుండా టికెట్ల వ్యాపారం చేస్తే మూడేళ్ల వరకు జైలు, 10 వేల రూపాయల వరకు జరిమానా ఉండొచ్చు. ఆన్‌లైన్ టికెట్లకూ ఇది వర్తిస్తుందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జులై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కు ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి చేశారు.

ఇంకో సంగతి ఎవరూ పట్టించుకోరు. ఆ ఎక్స్‌టెన్షన్‌కు మీ ఐఆర్‌సీటీసీ పాస్‌వర్డు, ఇంటిల్లిపాది వివరాలు, చెల్లింపు పేజీ అన్నీ కనిపిస్తాయి. ఎవరు రాశారో తెలియని ఫైలును వాట్సాప్ గ్రూపులోంచి తీసి పెట్టుకునేవాళ్లకు దండం పెట్టాలి.

సైటు నియమాల్లో "మార్చకూడదు" అని రాసి ఉంటే?

నియమం తప్పితే జైలుకు పోరు, ఖాతా పోవచ్చు. ఒక బ్రిటిష్ డెవలపర్ ఫేస్‌బుక్‌లో అందరినీ ఒక్కసారే అన్‌ఫాలో చేసే యాడ్-ఆన్ చేశాడు. వాడినవాళ్ల న్యూస్‌ఫీడ్ ఖాళీ అయి ప్రశాంతంగా ఉండేది. 2021లో ఫేస్‌బుక్ లాయరు ఉత్తరం పంపింది, అతని ఖాతాను శాశ్వతంగా మూసేసింది. నియమం ఎవరిని కాపాడుతోందో చూడండి. తోటి వాడుకరులను కాపాడేదైతే పాటించాలి. మీరు సైటులోంచి కదలకుండా చూసుకునే నియమమైతే నాకు దానిమీద పెద్ద గౌరవం లేదు, కానీ ఖాతా పోతే బాధ్యత మీదే.

## సొంతంగా రాస్తున్నప్పుడు

నాకోసం రాసుకునే చిన్న స్క్రిప్టుకూ ఇన్ని ఆలోచనలు కావాలా?

అక్కర్లేదు. చాలా సైట్లు ఇంగ్లీషుకు సరిపోయే లైన్ ఎత్తునే తెలుగుకూ పెడతాయి. దాంతో "లక్ష్మి"లోని మ ఒత్తు కింది లైను గుడికి తగులుతుంది, "స్త్రీ" కింద సగం తెగిపోతుంది. ఆ సైటుకు ఒకే ఒక్క లైను సీఎస్ఎస్ (పేజీ రూపు చెప్పే కోడ్) రాసి ఎత్తు 1.2 నుంచి 1.8కి పెంచితే కళ్లకు హాయి. దీనికి ఎవర్నీ అడగక్కర్లేదు. స్క్రిప్టు ప్రతి సెకనూ పేజీని రీఫ్రెష్ చేస్తుంటే మాత్రం కాస్త ఆగండి, ఆ భారం మోసేది అవతలి సర్వరు.

పేజీలో మాటలు మార్చే సరదా యాడ్-ఆన్ రాశాను. జోకే కదా?

జోకు అని మీకు గుర్తున్నంతసేపూ జోకే. 2018 మార్చిలో న్యూయార్క్ టైమ్స్ ఒక వింత సవరణ వేసుకోవాల్సి వచ్చింది. అక్కడ పనిచేసే ఒకరి బ్రౌజర్లో మాటలు మార్చే హాస్యపు యాడ్-ఆన్ ఉంది. 2008 నాటి మహా మాంద్యం అన్న మాటను అది "కుబుసం విడిచే, చల్లని రాళ్ల కాలం" అన్న అర్థం వచ్చేలా మారుస్తుంది. తమ పత్రికలోని వాక్యాన్నే బ్రౌజర్లోంచి కాపీ చేసి ఇంకో వ్యాసంలో ఉటంకిస్తే, ఆ పాముల భాష అలాగే అచ్చయింది.

అది నవ్వుకుని వదిలేసే సంగతి. మన దగ్గర ఇలాంటి దానితో ఒక నాయకుడి పేరు చోట ఇంకొకరిది పెట్టి, స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో వదిలితే నవ్వుకునేదేమీ ఉండదు. స్క్రీన్‌షాట్‌లో యాడ్-ఆన్ కనిపించదు, పత్రిక లోగో కనిపిస్తుంది. కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ కూడా రచయిత పరువుకు నష్టం కలిగేలా అతని రచనను వక్రీకరిస్తే అడ్డుకునే హక్కు ఇస్తుంది. కాబట్టి మార్చిన ప్రతి మాటకూ రంగో చుక్కల గీతో పెట్టండి, మౌస్ పెడితే అసలు మాట కనిపించేలా చేయండి. దాంతో జోకు పలచబడుతుందంటారా, పడనీయండి.

సైటు యజమాని అనుమతి తీసుకోవాలా?

వాడేవాడి తెరమీదే ఆగే మార్పుకు అక్కర్లేదు. కానీ వాళ్ల లోగో, పేరు మీ యాడ్-ఆన్‌కు పెట్టుకోకండి, అది వాళ్లే చేశారనుకుంటారు. "ఆ సైటుతో మాకు సంబంధం లేదు" అని పైన రాయండి. మీరు సరిచేసింది సైటు తప్పయితే, అంటే అక్షరాలు తెగడం, రంగులు కలిసిపోవడం లాంటివైతే, వాళ్లకో మెయిల్ రాయండి. చాలామంది జవాబివ్వరు. కొందరు దిద్దుకుంటారు, మీ యాడ్-ఆన్ అవసరమే తీరిపోతుంది.

## పదిమందికి ఇచ్చినప్పుడు, డబ్బు వచ్చినప్పుడు

ఉచితంగా ఇస్తున్నాను. అఫిలియేట్ లింకుల (కొనేవాళ్లను పంపినందుకు కమిషన్ ఇచ్చే లింకుల) మీద నాలుగు రూపాయలు వస్తే తప్పా?

ఎవరి నాలుగు రూపాయలు అన్నదే ప్రశ్న. తెలుగులో వంట వీడియోలు చేసే ఒకావిడ మిక్సీ గురించి చెప్పి కింద లింకు ఇచ్చింది. మీరు దాన్ని నొక్కి దుకాణం సైటుకు వెళ్లారు. "ఈవిడ పంపింది" అని బ్రౌజర్లో ఒక కుకీ (సైటు పెట్టుకునే చిన్న గుర్తు) పడింది. డబ్బు కట్టే పేజీలో కూపన్ యాడ్-ఆన్ పైకి లేచి "కూపన్లు వెతకనా?" అంటుంది. మీరు సరే అనగానే వెనకాల ఒక చిన్న ట్యాబ్ తెరుచుకుని మూసుకుంటుంది. పాత కుకీ పోయి యాడ్-ఆన్ పేరుతో కొత్తది పడుతుంది. చివరి క్లిక్ ఎవరిదైతే కమిషన్ వాళ్లదే అన్నది ఆ వ్యాపారంలో రివాజు. కూపన్ దొరక్కపోయినా ఆవిడ కమిషన్ యాడ్-ఆన్‌కు పోతుంది. ఆవిడకు తెలియదు, మీకూ తెలియదు.

పేపాల్ సుమారు 400 కోట్ల డాలర్లకు కొన్న హనీ అనే కూపన్ యాడ్-ఆన్ మీద 2024 డిసెంబర్లో వచ్చిన ఆరోపణ ఇదే. చివరి క్లిక్ రివాజునే పాటిస్తున్నామని కంపెనీ అంది. యూట్యూబర్లు కోర్టుకు వెళ్లారు. 2025 మార్చిలో గూగుల్ తన స్టోర్ నియమాలు బిగించింది: వాడేవాడికి నేరుగా లాభం లేకుండా, అతను ఏదీ నొక్కకుండా అఫిలియేట్ కోడ్ చొప్పించకూడదు.

మీకు డబ్బు కావాలంటే అడగండి. విరాళం బటన్ పెట్టండి, ధర పెట్టండి.

ఏ సైట్లు చూస్తున్నారో పేర్లు లేకుండా సేకరిస్తే?

సైటు చిరునామాలోనే మనిషి ఉంటాడు. లింక్డిన్‌లో ఎవరి ప్రొఫైల్‌ను దిద్దే పేజీ రోజూ తెరుస్తున్నారో, ఏ ఆసుపత్రి అపాయింట్‌మెంట్ పేజీకి వెళ్లారో చూస్తే పేరు కనుక్కోవడం కష్టం కాదు. సైట్ల రంగులు మార్చే స్టైలిష్ యాడ్-ఆన్ వాడేవాళ్లు చూసిన ప్రతి పేజీ చిరునామా పంపుతోందని 2018లో బయటపడితే క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండూ దాన్ని తీసేశాయి. రంగులు మార్చడానికి ఆ జాబితా ఎందుకు?

నా యాడ్-ఆన్ కొంటామని ఒక కంపెనీ మెయిల్ పెట్టింది.

వాళ్లు కొనేది మీ కోడ్ కాదు, వాడుతున్నవాళ్ల బ్రౌజర్లలోకి వెళ్లే దారి. అమ్మాలనుకుంటే ముందు వాడేవాళ్లందరికీ యాడ్-ఆన్‌లోనే కనిపించేలా చెప్పండి, తీసేసుకోవడానికి టైమ్ ఇవ్వండి. అలా చెప్పొద్దని కొనేవాళ్లు షరతు పెడితే వాళ్ల ఉద్దేశమేమిటో మీకు అర్థమైనట్టే.

## సైటు మీదైతే

నా సైటును ఎవరి యాడ్-ఆనో మారుస్తోంది. ఆపగలనా?

పూర్తిగా ఆపలేరు. యాడ్ బ్లాకర్ ఉంటే పేజీ తెరవనని చెప్పొచ్చు. దాన్ని దాటే ఇంకో యాడ్-ఆన్ వస్తుంది. కోర్టుల్లో కథ ఇంకా నడుస్తోంది. ఆట ప్రోగ్రాం నడుస్తున్నప్పుడు మెమరీలోని విలువలు మార్చినంత మాత్రాన ఆ ప్రోగ్రాం కాపీరైట్ ఉల్లంఘించినట్టు కాదని యూరోపియన్ యూనియన్ కోర్టు 2024 అక్టోబర్‌లో సోనీకీ, ఆటల్లో అడ్డదారి సాఫ్ట్‌వేర్ అమ్మే డేటెల్‌కూ మధ్య కేసులో చెప్పింది. ఆక్సెల్ స్ప్రింగర్ వేసిన కాపీరైట్ కేసును మాత్రం 2025 జులైలో జర్మనీ అత్యున్నత సివిల్ కోర్టు మళ్లీ విచారించమని హాంబర్గ్ కోర్టుకు తిప్పి పంపింది.

కేసు ఆలోచనకు ముందు ఆ యాడ్-ఆన్ ఏం మారుస్తోందో ఒకసారి చూడండి. యూట్యూబ్ 2021 నవంబర్లో డిస్‌లైక్ అంకెలు దాచేస్తే వాటిని అంచనాగా తిరిగి చూపించే యాడ్-ఆన్ వెంటనే పుట్టుకొచ్చింది. జనానికి ఏం కావాలో అంతకన్నా సూటిగా చెప్పే సర్వే ఉండదు.

యాడ్-ఆన్ లేని పాఠకులకూ నా సైటులో నేను పెట్టనివి కనిపిస్తున్నాయట. ఎలా?

మధ్యలో ఎవరో చొప్పిస్తున్నారు. లెనోవో లాప్‌టాప్‌లలో ముందే పెట్టి పంపిన సూపర్‌ఫిష్ ఇలాగే పేజీల్లోకి ప్రకటనలు దూరుస్తోందని 2015లో బయటపడింది. అదే ఏడాది ఎయిర్‌టెల్ 3జీ మీద వచ్చే పేజీల్లో తెలియని స్క్రిప్టు ఉందని బెంగళూరు ప్రోగ్రామర్ ఒకరు బయటపెట్టారు. డేటా వాడకం తెలియజెప్పే ప్రయోగమని కంపెనీ సంజాయిషీ ఇచ్చింది. పాఠకుడు కోరనిది, అతనికి తెలియనిది కాబట్టి దీన్ని యాడ్-ఆన్‌తో ఒకే గాట కట్టలేం.

మీ సైటు ఇంకా హెచ్‌టీటీపీ మీదే ఉంటే ముందు హెచ్‌టీటీపీఎస్‌కు మార్చండి, దారిలో చొప్పించడం చాలావరకు ఆగుతుంది. తర్వాత ఫిర్యాదు చేసినవారిని అదే పేజీ ఇన్‌కాగ్నిటోలో (బ్రౌజర్ ప్రైవేటు విండోలో) తెరవమనండి. అక్కడ మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప యాడ్-ఆన్‌లు పనిచేయవు. అక్కడ పేజీ శుభ్రంగా ఉంటే, తెలియకుండా ఏదో యాడ్-ఆన్ చేరినట్టే. ఇన్‌కాగ్నిటోలోనూ కనిపిస్తే వైఫై తీసేసి మొబైల్ డేటాలో చూడమనండి. అప్పటికీ పోకపోతే ఇంకో కంప్యూటర్లోనో ఫోన్లోనో చూడమనండి, అక్కడా కనిపిస్తే మీ సర్వర్నే తనిఖీ చేసుకోవాలి.